సేంద్రియం అని ఎవరు చెప్పాలి?

తొలకరి గట్టిగా కురిసి నేల లోపలిదాకా తడిస్తే రెండు మూడు రోజుల్లో ఆముదం చేలల్లో ఎర్ర గొంగళి పురుగు తల్లులు లేస్తాయి. ఎండాకాలమంతా మట్టిలో నిద్రలో ఉన్న ఈ రెక్కల పురుగులు తడి తగలగానే అన్నీ ఒక్కసారే బయటికొస్తాయి. ఒక్కో తల్లి వందల గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు పెరిగేకొద్దీ ఒళ్లంతా నూగు కమ్ముకుంటుంది. ఆ నూగు దాటి మందు చర్మాన్ని తాకదు. ఒక చేను నమిలేశాక గుంపుగా పక్క చేలోకి నడుస్తాయి. 1980ల చివర తెలంగాణ మెట్ట రైతులు దీని మీద ఎంత మందు కొట్టినా పంట దక్కలేదు, మందు అప్పు మాత్రం మిగిలింది.

ఎన్.కె. సంఘీ, ఎం.ఎస్. చారి లాంటి శాస్త్రవేత్తలు, కొన్ని స్వచ్ఛంద సంస్థలు అప్పుడు పురుగు బతుకును మొదటి నుంచి చూశారు. మందుకు లొంగని పురుగు వెలుతురుకు లొంగుతుంది. రెక్కల పురుగులు లేచే సాయంత్రాల్లో చేల మధ్య మంటలు వేస్తే అవి గుడ్లు పెట్టకముందే వచ్చి పడతాయి. ఖర్చు లేదు, విషం లేదు. షరతు మాత్రం ఒకటుంది: ఊరంతా ఒకే రాత్రి మంట వేయాలి. ఒక్క రైతు వేసుకుంటే లాభం లేదు. పక్క చేలో పొదిగిన పిల్లలు నాలుగు రోజులకు అతని గట్టు దాటి వస్తాయి.

ఆర్గానిక్ బియ్యం సంచి కొనాలా వద్దా అన్న అధ్యాయాన్ని పురుగుతో మొదలుపెట్టడానికి కారణం ఆ షరతే. హనుమకొండలో, హైదరాబాద్‌లో, ఎక్కడైనా కొనేవాళ్లు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఇంత డబ్బు పెట్టడం దండగా? ఇది నిజంగా ఆర్గానికేనా? రెండో ప్రశ్నకు జవాబు ల్యాబుల్లో దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. అది ఊళ్లో దొరుకుతుందని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక ఊరి గురించి చెప్పాలి.

ఆ మంటలు వేసిన పల్లెల్లో ఒకటి ఏనెబావి. లింగాలఘణపురం మండలంలో ఉంటుంది. అప్పట్లో వరంగల్ జిల్లా, 2016లో జిల్లాలు విడిపోయాక జనగామ జిల్లా. యాభై పైచిలుకు కుటుంబాలు, 280 ఎకరాల పైన సాగుభూమి. జనగామకు చెందిన క్రాప్స్ సంస్థ, హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం వెన్నంటి నిలిచాయి. ఊరు ముందు పురుగుమందులు మానింది, తర్వాత యూరియా, డీఏపీ కూడా మానింది. 2006 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి పూర్తి సేంద్రియ గ్రామంగా పేరు తెచ్చుకుంది. అంతకు మూడేళ్ల ముందే, 2003లో, అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల పురుగుమందు మానిన ఊరుగా తనను తాను ప్రకటించుకుంది.

ఏనెబావిలో అద్భుతం ఏమీ జరగలేదు. చెరువు పూడిక మట్టి చేలకు తోలారు. పశువుల పెంట, వానపాముల ఎరువు వేశారు. పురుగు కనిపిస్తే వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం కొట్టారు. పసుపు రంగు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు పెట్టారు. పక్షులు వాలడానికి కొమ్మలు నాటారు. ఇవన్నీ వ్యవసాయ విశ్వవిద్యాలయం పుస్తకాల్లో ఉన్న పద్ధతులే. కొత్తదనం ఒక్కటే, ఎవరి చేను వాళ్లది అన్న హద్దు తీసేసి ఊరంతా కలిసి చేశారు. అందువల్ల పక్క చేను నుంచి గాలికి మందు తుంపర రావడం, వాన నీటితో మందు కొట్టుకు రావడం అన్న బెడద చాలావరకు తప్పింది. దాంతోపాటు ఇంకొకటి జరిగింది. అంత చిన్న ఊళ్లో ఒకరు రాత్రిపూట మందు డబ్బా తెచ్చి కొడితే తెల్లారేసరికి వాసనే చెబుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సేంద్రియ తిండి తింటే ఒంటికి మేలా?

పోషకాల విషయంలో తేడా స్వల్పం. 2012లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 237 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. సేంద్రియ తిండిలో విటమిన్లు గణనీయంగా ఎక్కువ అనడానికి గట్టి ఆధారం దొరకలేదు. 2014లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు 343 పరిశోధన పత్రాలను కలిపి లెక్కగట్టారు. సేంద్రియ పంటల్లో యాంటీ ఆక్సిడెంట్లు కొంత ఎక్కువగా, కాడ్మియం తక్కువగా ఉన్నట్టు తేల్చారు. ఈ రెండింటి మధ్య వాదన ఇంకా నడుస్తోంది. అయితే మన వంటింటి దాకా వస్తే ఆ వాదన కన్నా పెద్ద తేడాలు వేరే ఉన్నాయి. తెల్లగా పాలిష్ పట్టిన ఆర్గానిక్ సన్న బియ్యం కన్నా మామూలు దంపుడు బియ్యంలో బీ విటమిన్లు, పీచు ఎక్కువ. తవుడు తీసేశాక ధాన్యం ఏ పొలంలో పండిందన్నది ఆ లెక్కను మార్చలేదు.

పురుగుమందు అవశేషాల దగ్గర తేడా స్పష్టం. స్టాన్‌ఫోర్డ్ లెక్కలో మామూలు కూరగాయలు, పండ్లలో 38 శాతం నమూనాల్లో మందు జాడ కనిపిస్తే, సేంద్రియ నమూనాల్లో 7 శాతంలో కనిపించింది. ఆ 7 శాతం గమనించండి, సున్నా కాదు. 2006లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని సియాటిల్‌లో 23 మంది పిల్లలకు అయిదు రోజుల పాటు సేంద్రియ తిండి పెట్టి రోజూ మూత్రం పరీక్షించారు. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ విరిగితే వచ్చే పదార్థాలు దాదాపు వెంటనే మాయమయ్యాయి. మామూలు తిండికి మారగానే తిరిగి కనిపించాయి. అంటే తిండి ద్వారా మందు ఒంట్లోకి వెళ్తున్న మాట నిజం, తిండి మారిస్తే అది ఆగుతుందన్న మాటా నిజం.

ఆ కొద్దిపాటి మందు హాని చేస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. జంతువులకు ఎంత మోతాదు వరకు ఏ హానీ కనబడదో చూసి, సాధారణంగా దాన్ని వందతో భాగించి, మనిషి రోజూ జీవితాంతం తీసుకున్నా ఫర్వాలేదనే పరిమితి కడతారు. పంటలో ఎంత మందు ఉండవచ్చో చెప్పే పరిమితి వేరే ఉంటుంది, దాన్ని కిలోకు మిల్లీగ్రాముల్లో చెబుతారు. మన దేశంలో 2014-15లో కేంద్ర వ్యవసాయ శాఖ తరఫున 20,618 నమూనాలు పరీక్షిస్తే 18.7 శాతంలో మందు జాడ ఉంది. పరిమితి దాటినవి 2.6 శాతం. ఈ రెండు అంకెల్లో మొదటిదే చెబితే భయం పుడుతుంది, రెండోదే చెబితే ధీమా పుడుతుంది. పాఠకుడికి రెండూ ఇవ్వాలి.

ఇక్కడ నా మనసు పూర్తిగా ధీమా వైపు మొగ్గదు. కారణం క్లోర్‌పైరిఫాస్. దశాబ్దాల పాటు దానికీ ఓ సురక్షిత పరిమితి ఉంది, ప్రపంచమంతా దాన్నే నమ్మింది. 2019లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ పాత సమాచారాన్ని, పిల్లల మెదడు ఎదుగుదల మీద వచ్చిన కొత్త సమాచారాన్ని కలిపి చూసి, దీనికి సురక్షిత పరిమితి అంటూ చెప్పలేమని తేల్చింది. 2020లో ఐరోపా దాన్ని వద్దంది. పరిమితి అంటే ఆనాటికి తెలిసినంతలో కట్టిన హద్దు. పైగా ఆ హద్దు ఒక్కో మందుకు విడివిడిగా కడతారు, మన పళ్లెంలోకి అవి కలిసి వస్తాయి. కడుపులో బిడ్డ ఉన్న తల్లులు, చిన్న పిల్లలు ఉన్న ఇళ్లలో అవశేషాలు తగ్గించుకోవడానికి కొంత డబ్బు పెట్టడం అందుకే తెలివైన పని అనుకుంటాను.

క్యాన్సర్ పేరు చెప్పి అమ్మేవాళ్లను మాత్రం నమ్మకండి. 2018లో అచ్చయిన అధ్యయనంలో ఫ్రాన్స్‌లో 68,946 మందిని గమనించినప్పుడు సేంద్రియం ఎక్కువగా తినేవాళ్లలో క్యాన్సర్ దాదాపు 25 శాతం తక్కువగా కనిపించింది. దీన్ని అందరూ ప్రచారం చేశారు. 2014లో అచ్చయిన అధ్యయనంలో బ్రిటన్‌లో ఆరు లక్షల మందికి పైగా స్త్రీలను తొమ్మిదేళ్లు గమనిస్తే మొత్తం మీద తేడా కనిపించలేదు. దీన్ని ఎవరూ చెప్పరు. సేంద్రియం కొనేవాళ్లకు సాధారణంగా డబ్బు, చదువు ఎక్కువ, పొగ తాగడం తక్కువ, కూరగాయలు తినడం ఎక్కువ. మేలు దేనిదో విడదీయడం తేలిక కాదు.

అయితే పురుగుమందు మనిషికి ఏం చేస్తుందో తెలుసుకోవడానికి వరంగల్ వాళ్లు ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు. ఎంజీఎం ఆసుపత్రి ఉంది. 1997 నుంచి 2002 దాకా ఆ ఒక్క ఆసుపత్రిలో పురుగుమందు విషంతో చేరిన వాళ్లు 8,040 మంది. వాళ్లలో నూటికి 22 మందికి పైగా చనిపోయారు. 2005లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం 2002లో వచ్చినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ముప్పై ఏళ్ల లోపు వాళ్లు. చాలా ఎక్కువమంది బతుకు మీద విసిగి చేసుకున్నదే. ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం రెండే మందులవి, మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. 1997-98లో లద్దె పురుగు పత్తిని ఊడ్చేసి వరంగల్ రైతు పేరు దేశమంతా దుఃఖంతో పలికిన కాలం అది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద 2005లోనే వద్దన్నారు, పూర్తిగా వద్దనడానికి 2023 దాకా పట్టింది.

తినేవాడి పళ్లెంలోకి వచ్చేది కిలోకు మిల్లీగ్రాములో వందో వంతు, పదో వంతు. వీపున పంపు కట్టుకుని మిరపతోటలో మధ్యాహ్నం ఎండకు మాస్కు లేకుండా తిరిగే మనిషి ఒంటి మీదా, ఊపిరిలోనూ పడేది దానికి ఎన్నో రెట్లు. ఆ మందులో నీళ్లు కలిపేది, మందు కొట్టిన చేలో కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఇంట్లో మూలన డబ్బా లేకపోతే, ఆవేశంలో చేయి దాని మీదికి పోయే అవకాశమే ఉండదు. సేంద్రియానికి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలని అడిగితే నా మొదటి జవాబు ఇదే. మీ కాలేయం కోసం కొంత, ఆ మనిషి కోసం చాలా. ఎవరికైనా ఇష్టమైతే ఈ వరస తిరగేసుకోవచ్చు, అంకెలు మాత్రం నా వరసనే సమర్థిస్తాయి.

సేంద్రియంలో అంతా మంచే అని కూడా అనను. దిగుబడి తగ్గుతుంది. 2012లో 'నేచర్' పత్రికలో వచ్చిన లెక్కలో పంటను బట్టి, సాగు తీరును బట్టి 5 నుంచి 34 శాతం దాకా తగ్గుదల కనిపించింది. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసి, కొన్ని నెలల్లోనే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. పైనుంచి వచ్చిన ఉత్తరువు చేయలేనిది ఏనెబావి ఏళ్ల తరబడి మెల్లగా చేసుకుంది. ధర ఎక్కువ ఉండడానికి ఈ తగ్గుదల ఒక కారణం, కలుపుకూలి ఇంకో కారణం. ఆ ఎక్కువ డబ్బు రైతుకే చేరుతోందా అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు నమ్మకం సంగతి. నమూనాను ల్యాబుకు పంపితే తేలిపోతుంది కదా అంటారు. ల్యాబు చేసేదేమిటో చూడండి. కూరగాయను మెత్తగా నూరి, ఎసిటోనైట్రైల్ అనే ద్రావకంలో కలిపి, కొన్ని లవణాలు వేసి గిలకొట్టి, పైకి తేలిన ద్రావణాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఇస్తారు. వందల మందులను ఒకేసారి వెతికి, కిలోలో మిల్లీగ్రాములో వందో వంతున్నా పట్టుకోగల యంత్రం అది. మందు కొట్టి ఉంటే చాలావరకు దొరుకుతుంది. కానీ ఆ జాబితాలో లేని మందును అది చూడదు. కొట్టి చాలా రోజులై విరిగిపోయిన మందూ దొరకదు. పరీక్షకు వేలల్లో ఖర్చవుతుంది, అది కూడా ఆ ఒక్క సంచికే.

యూరియా దగ్గర ఇంకా చిక్కు. యూరియా నత్రజని, పేడ నత్రజని మొక్క వేరుకు ఒకటే. మొక్క లోపలికి పోయాక తేడా తెలియదు. కాకపోతే ప్రకృతి ఒక సన్నని జాడ వదిలింది. నత్రజనిలో రెండు రకాల పరమాణువులున్నాయి, ఎక్కువగా ఉండే 14 బరువుది, అరుదుగా ఉండే 15 బరువుది. యూరియాను ఫ్యాక్టరీలో గాలిలోని నత్రజని నుంచి చేస్తారు, కాబట్టి అందులో ఈ రెండింటి పాళ్లు గాలిలో ఉన్నట్టే ఉంటాయి. పేడ కుప్పలో అమ్మోనియా ఆవిరైపోయేటప్పుడు తేలికది ముందు పోతుంది, బరువుది మిగులుతుంది. అందుకే పెంట ఎరువుతో పెరిగిన మొక్కలో బరువు నత్రజని కాస్త ఎక్కువ. దీన్ని కొలవగలం. ఎంత అందమైన పద్ధతి! అయినా వరంగల్ రైతు దగ్గర ఇది తడబడుతుంది. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నితే, ఆ పచ్చిరొట్ట కూడా గాలి నత్రజనినే పట్టుకుని నేలకిస్తుంది. ఆ పాళ్లు యూరియా పాళ్లకు దగ్గరగా ఉంటాయి. నిజాయితీగా పచ్చిరొట్ట వేసిన రైతే యంత్రం ముందు దొంగలా కనిపించవచ్చు.

సేంద్రియం అన్నది పండిన వస్తువులో ఉండే గుణం కాదు, పండించిన తీరు. తీరును తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు చేను దగ్గర ఉండి చూసి ఉండాలి. ధ్రువపత్రాల వ్యవస్థ అంతా ఈ చూడడం కోసమే పుట్టింది.

మన దేశంలో రెండు దారులున్నాయి. ఒకటి 2001లో వాణిజ్య శాఖ మొదలుపెట్టిన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా నడుపుతుంది. బయటి సంస్థ ఒకటి వచ్చి తనిఖీ చేసి ధ్రువపత్రం ఇస్తుంది. ఏటా వేసే పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు రసాయనాలు మానితేనే పూర్తి సేంద్రియం అంటారు. ఎగుమతికి ఇదే కావాలి. చిన్న రైతుకు ఖర్చు మోయలేని భారం కాబట్టి వందల మందిని ఒక గ్రూపుగా కట్టి ఒకే ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు చేశారు. చిక్కు వచ్చింది ఇక్కడే. గ్రూపు కాగితాలు రాసేది తరచుగా కొనే కంపెనీ, రైతుకు తను ఫలానా జాబితాలో ఉన్నట్టు కూడా తెలియని సందర్భాలు బయటపడ్డాయి. 2020లో అంతర్జాతీయ సేంద్రియ వస్త్ర ప్రమాణ సంస్థ మన దేశం నుంచి వెళ్లిన 20,000 టన్నుల పత్తికి దొంగ కాగితాలు ఉన్నట్టు పట్టుకుంది. 2021లో అమెరికా మన ధ్రువీకరణకు ఇచ్చిన గుర్తింపును ఉపసంహరించుకుంది. అదే ఏడాది చివర, నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ దొరికిన వ్యవహారంలో ఐరోపా కొన్ని భారతీయ ధ్రువీకరణ సంస్థలను పక్కన పెట్టింది. చూడాల్సినవాడు దూరాన ఉండి, అతని జీతం అమ్మేవాడి చేతిలో ఉంటే ఇలాగే అవుతుంది.

రెండో దారి పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్). 2011లో వ్యవసాయ శాఖ మొదలుపెట్టింది. కనీసం అయిదుగురు ఇరుగుపొరుగు రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఒకరు తప్పు చేస్తే అందరి పేరూ పోతుంది. దొంగలు దొంగలు కుమ్మక్కు కారా అని అనుమానం రావచ్చు. అవుతారు, కాగితం మీదే గుంపు ఉన్నచోట అవుతారు. కానీ గొంగళి పురుగుకు ఊరంతా ఒకే రాత్రి మంట వేసిన చోట, ఎవరి చేలో ఏం జరుగుతోందో నిజంగానే అందరికీ తెలుసు. బయటి ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి వస్తాడు. గట్టు పక్క రైతు రోజూ ఉంటాడు. ఈ పద్ధతిలో ఉన్న బలాన్ని మనం తక్కువ అంచనా వేశాం. సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పాటుతో ఏర్పడిన సహజ ఆహారం లాంటి రైతు కంపెనీలు పట్నం కొనుగోలుదారుకు అందించేది ఆ గట్టు పక్క చూపునే.

ప్యాకెట్ కొనేవాళ్లకు చట్టం కొంత తోడుంది. మన దేశ ఆహార భద్రతా సంస్థ 2017లో సేంద్రియ ఆహార నిబంధనలు తెచ్చింది. ఆర్గానిక్ అని రాసి అమ్మాలంటే పై రెండు దారుల్లో ఏదో ఒకటి ఉండాలి, ఆకుపచ్చ 'జైవిక్ భారత్' గుర్తు, ధ్రువీకరణ సంఖ్య చూడండి. పీజీఎస్‌లో 'గ్రీన్' అంటే ఇంకా మారుతున్న పొలం, 'ఆర్గానిక్' అంటే మారిన పొలం. దేశవాళీ, సహజ, ఫామ్ ఫ్రెష్ అన్న మాటలకు ఈ ధ్రువీకరణతో సంబంధం లేదు. నేరుగా వినియోగదారుకు అమ్ముకునే చిన్న రైతుకు చట్టం మినహాయింపు ఇచ్చింది. కాబట్టి సంచి మీద గుర్తు లేనంత మాత్రాన రైతు అబద్ధం చెబుతున్నట్టు కాదు.

అన్నీ సేంద్రియం కొనేంత డబ్బు చాలా ఇళ్లకు ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మా ప్రాంతంలో నేనైతే మొదట ఎండుమిర్చి దగ్గర మొదలుపెడతాను. మనం తినే పంటల్లో మందు బాగా ఎక్కువగా కొట్టేవాటిలో మిరప ఒకటి. 2021-22లో కొత్త రకం తామర పురుగు విరుచుకుపడ్డప్పుడు రైతులు పిచ్చెత్తినట్టు కొట్టారు, పాపం తప్పలేదు. కాయ ఎండితే నీరు పోతుంది, మిగిలిన మందు గాఢత పెరుగుతుంది. ఎండుమిర్చిని ఎవరూ కడిగి దంచరు. ఇంటికి ఏడాదికి కొన్ని కిలోలే కావాలి, ధర ఎక్కువైనా భారం తక్కువ. తర్వాత ఆకుకూరలు, వంకాయ, బెండ, పిల్లలు తొక్కతో తినే పండ్లు. ఉల్లిగడ్డకు, కొబ్బరికాయకు ఎక్కువ పెట్టాల్సిన పని లేదు. మామూలు కూరగాయలను ధారగా పడే నీళ్ల కింద రుద్ది కడిగితే పైన అంటిన మందు చాలావరకు పోతుంది. అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రం 12 మందులు పరీక్షిస్తే నీళ్లతోనే 9 తగ్గాయి. బజార్లో అమ్మే ప్రత్యేక ద్రావణాలు నీళ్లకన్నా మెరుగ్గా పనిచేయలేదు. మొక్క లోపలికి పాకే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మాత్రం కడిగితే పోవు. ఇవన్నీ చూసి భయపడి కూరగాయలే తగ్గించుకుంటే మాత్రం నష్టం మనకే.

రైతు దగ్గరే కొంటున్నప్పుడు ధ్రువపత్రం కన్నా ముందు ఒక ప్రశ్న అడగండి: "పోయిన వానాకాలం పురుగు పడ్డప్పుడు ఏం చేసిండ్రు?" నిజంగా సేంద్రియం చేసే మనిషి ఆ జవాబును దాచుకోలేడు. ఏ పురుగు పడింది, ఎన్నో వారంలో పడింది, ఎంత పంట పోయింది, వేప కషాయం ఎప్పుడు కొట్టాడు, పక్క చేనాయన ఏమన్నాడు, అన్నీ చెబుతాడు. మా చేలో అసలు పురుగే పడదు సార్ అన్నవాడి దగ్గర నేను కొనను.